రాయబారం నాటకమా? – ఒక విద్యార్థికి ఆలస్యంగా చెబుతున్న సమాధానం



ఈ విషయం రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. నిజం చెప్పాలంటే ఇది వ్యాసం కాదు, ఇరవై ఏళ్ళు దాటిన బాకీ. ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఆనాడు నేను చెప్పకుండా దాటవేసిన సమాధానం.

2003 ఫిబ్రవరి. కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేస్తున్నాను. తొమ్మిదో తరగతిలో ఏదో పద్యం చెబుతూ, మాటల సందర్భంలో ఉద్యోగపర్వంలోని శ్రీకృష్ణ రాయబార ఘట్టంలోకి వెళ్ళాను. ఆ ఘట్టం వస్తే నాకు ఒళ్ళు తెలియదు. చిన్నప్పటినుంచీ తిరునాళ్ళలో తెల్లవార్లూ కూర్చుని పద్యనాటకాలు చూసి, 'వన్స్ మోర్' అని అరిచినవాణ్ణి. అయిదూళ్ళు చాలన్న పాండవుల మాట, సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్న సుయోధనుడి మాట, సభలో విశ్వరూపం, అన్నీ అభినయిస్తూ చెప్పుకుపోతున్నాను. వెనుక బెంచీలోంచి ఒక కుర్రవాడు లేచాడు. వాళ్ళ నాన్న కువైటులో డ్రైవరు. ఆ రోజుల్లో ఆ ప్రాంతంలో ప్రతి వీధిలోనూ ఇద్దరో ముగ్గురో గల్ఫుకు వెళ్ళినవాళ్ళు ఉండేవారు. ఇరాక్ మీద యుద్ధం వస్తుందని పత్రికలు రోజూ రాస్తున్నాయి. వస్తే పక్కనున్న కువైటు గతి ఏమిటని ఇంటింటా దిగులు.

"మాస్టారూ, యుద్ధం తప్పదని కృష్ణుడికి ముందే తెలుసన్నారు కదా. తెలిసీ వెళ్ళడం నాటకం కాదాండీ? ఇప్పుడు అమెరికావాళ్ళు సభలు పెట్టి మాట్లాడుతున్నది కూడా అలాంటిదేనా?"

తరగతి నవ్వింది. నేను నవ్వలేదు. "అది పరీక్షలో రాదు, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేను సిగ్గుపడే మాటలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది ఇదే. అది మంచి ప్రశ్న. యుద్ధానికి ముందు ధర్మం గురించి పెద్దలు వేసుకున్న ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి.

ముందు భారతంలో ఏముందో చూద్దాం. కృష్ణుడు హస్తినకు వచ్చి విదురుడి ఇంట బస చేసిన రాత్రి, విదురుడే అడుగుతాడు: ఈ మూర్ఖుల సభకు నీవు రావడమెందుకు, వినేవాళ్ళు కారు గదా అని. కృష్ణుడి సమాధాన సారాంశం ఇది. ఫలిస్తుందో లేదో తర్వాతి సంగతి, మాయ లేకుండా సంధికి ప్రయత్నిస్తాను. శక్తి ఉండి కూడా ఆపడానికి ప్రయత్నించలేదని రేపు లోకం నన్ను అనకూడదు. ఇందులో నేను ఏళ్ళ తరబడి గమనించకుండా దాటిపోయినది 'మాయ లేకుండా' అన్న భాగాన్ని. ప్రయత్నం విఫలమవుతుందని తెలిసి చేయడం వేరు, విఫలం కావాలని చేయడం వేరు. రెండింటినీ విడదీసే గుర్తు ఒకటుంది. ఎదుటివాడు ఒప్పుకుంటే యుద్ధం ఆగుతుందా? ఆగితే అది రాయబారం. ఒప్పుకున్నా ఆగకపోతే నాటకం. సుయోధనుడు ఆ అయిదూళ్ళు ఇచ్చి ఉంటే కురుక్షేత్రం లేదు. షరతు స్పష్టంగా ఉంది, తీర్చగలిగినదిగా ఉంది, మధ్యలో మారలేదు.

సామ దాన భేద దండాలని మన నీతిశాస్త్రాలు ఉపాయాలను వరుసగా చెప్పి దండాన్ని చిట్టచివర నిలిపాయి. పాశ్చాత్యుల్లోనూ అగస్టీన్, అక్వినాస్ వంటి మతాచార్యులు, 1625లో యుద్ధశాంతి న్యాయాలపై ఉద్గ్రంథం ప్రకటించిన గ్రోషియస్ ఇదే విచారణ చేశారు. కారణం న్యాయమైనదేనా, ఉద్దేశం సరైనదేనా, యుద్ధం ప్రకటించే అధికారం ఎవరిది, వేరే దారులు అన్నీ మూసుకుపోయాయా, జరగబోయే చెరుపు కలగబోయే మేలును మించదా అన్నవి వారి ప్రశ్నలు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఈ ప్రశ్నలు పుస్తకాలనుంచి చట్టంలోకి వచ్చాయి. 1928 ఆగస్టు 27న పారిస్‌లో పదిహేను దేశాలు కూర్చుని, యుద్ధాన్ని రాజనీతి సాధనంగా ఇక వాడబోమని సంతకాలు చేశాయి. పదకొండేళ్ళు తిరిగేసరికి వాటిలో చాలా దేశాలు యుద్ధంలో ఉన్నాయి. 1945లో ఐక్యరాజ్యసమితి నియమపత్రం రెండవ అధికరణంలో బలప్రయోగాన్ని నిషేధించి, ఆత్మరక్షణకు యాభై ఒకటవ అధికరణంలో వెసులుబాటు ఉంచింది. తక్కిన సందర్భాల్లో భద్రతామండలి అనుమతి కావాలి. 1946లో న్యూరెంబర్గు న్యాయస్థానం దురాక్రమణ యుద్ధాన్ని నేరాలన్నిటిలోకీ పెద్ద నేరమని తీర్పు చెప్పింది. ఎందుకంటే తక్కిన నేరాలన్నీ దాని కడుపులోనే ఉంటాయి.

ఈ కొలతలతో ఇతరుల యుద్ధాలను కొలవడం తేలిక. మొదట మన యుద్ధాన్నే కొలుద్దాం.

1971 డిసెంబరులో నాకు పదకొండేళ్ళు. విశాఖపట్నానికి దగ్గరి పల్లె మాది. కిటికీలకు నల్లకాగితాలు అంటించడం, దీపం బయటికి కనిపించిందని అమ్మ మందలించడం గుర్తున్నాయి. డిసెంబరు 3 అర్ధరాత్రి సముద్రంలో పెద్ద ప్రేలుడు వినిపించిందని పెద్దవాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు. నేను మాత్రం నిద్రపోయాను. విక్రాంత్ నౌకను వెదుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయిన చప్పుడది. మన నౌక రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలవల్ల మునిగిందని మనవాళ్ళూ, లోపలి ప్రేలుడువల్లనో తాను పరచిన మందుపాతరలవల్లనో మునిగిందని పాకిస్తాన్‌వాళ్ళూ చెబుతారు. మాకు ఆ చర్చ తెలియదు. మా ఊరికి ప్రమాదం తప్పింది, మనం గెలిచాం, అంతే. ఆ యుద్ధం ధర్మయుద్ధమని అప్పుడు నమ్మాను, తర్వాత తరగతిలో అలాగే చెప్పాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1970 డిసెంబరు ఎన్నికల్లో తూర్పు పాకిస్తాన్‌లోని 162 స్థానాల్లో 160 అవామీ లీగుకు వచ్చాయి. అంటే మొత్తం దేశపు జాతీయసభలోనే ఆధిక్యం. అధికారం అప్పగించవలసిన సైనిక పాలకులు 1971 మార్చి 25 రాత్రి ఢాకాపై సైన్యాన్ని వదిలారు. విశ్వవిద్యాలయ వసతిగృహాలు మొదలు పల్లెలదాకా ఊచకోత సాగింది. చనిపోయినవారు ముప్ఫై లక్షలని బంగ్లాదేశ్ చెబుతుంది, ఇతర పరిశోధకుల అంచనాలు అంతకంటె తక్కువ. ఏ అంచనా తీసుకున్నా అది ఘోరమే. ఢాకాలోని అమెరికా కాన్సులేట్ ఉద్యోగులే ఏప్రిల్ 6న తమ ప్రభుత్వపు మౌనాన్ని నిరసిస్తూ తంతి పంపారు. డిసెంబరు నాటికి సుమారు కోటిమంది శరణార్థులు మన దేశంలోకి వచ్చారు. త్రిపురలో శరణార్థుల సంఖ్య స్థానిక జనాభాకు దాదాపు సమానమైంది. శిబిరాల్లో కలరా సోకింది. కారణం న్యాయమైనదేనా అన్న ప్రశ్నకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. అది ఊహించుకున్న ప్రమాదం కాదు, ఎదుట నిలిచిన కోటి మనుషులు.

వేరే దారుల సంగతి? ఆ అక్టోబరు, నవంబరు నెలల్లో ప్రధాని ఇందిరాగాంధీ ఐరోపా దేశాలకూ అమెరికాకూ వెళ్ళి చెప్పివచ్చారు. హత్యలు ఆపించండి, ఎన్నికైన నాయకులతో రాజీ కుదిర్పించండి, శరణార్థులు భయం లేకుండా తిరిగి వెళ్ళే స్థితి కల్పించండి అన్నారు. నవంబరు మొదటి వారంలో నిక్సన్‌తో జరిగిన మాటలు ఫలించలేదు. ఈ రాయబారం మాయ లేనిదేనా? ఇక్కడ నేను నిజాయితీగా ఉండాలి. ఒకవైపు ప్రధాని దేశాలు తిరుగుతుండగానే మరొకవైపు సైన్యం చలికాలపు యుద్ధానికి సిద్ధమవుతున్నది. ముక్తివాహినికి ఆయుధాలూ శిక్షణా అప్పటికే నెలలుగా మనమే ఇస్తున్నాం. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. అయితే సిద్ధపడటమే మాయ కాదు, కృష్ణుడు హస్తినకు వెళ్ళేనాటికి పాండవుల పక్షాన సేనలు కూడుతూనే ఉన్నాయి. అడిగిన షరతు తీర్చగలిగినదే. తీర్చి ఉంటే పది లక్షల మందో, ఇరవై లక్షల మందో తిరిగి ఇంటికి వెళ్ళడం మొదలై ఉంటే, మన ప్రభుత్వం ప్రపంచం ముందు యుద్ధానికి దిగగలిగేది కాదు.

నాకు అసలు ముల్లు ఇంకొకచోట గుచ్చుకుంటుంది. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాలపై బాంబులు వేశాయి, అందువల్ల మనం ఆత్మరక్షణకు దిగాం అని నేను పిల్లలకు చెప్పాను. అది నిజమే కాని సగం. మన బలగాలు నవంబరు 21 నాటికే ముక్తివాహినితో కలిసి తూర్పు సరిహద్దు దాటి పోరాడుతున్నాయి. ఈ రెండవ సగాన్ని నేను రిటైరయ్యే ముందు చదివి తెలుసుకున్నాను. తెలిసినరోజు రాత్రి సరిగా నిద్రపట్టలేదు. నేను తప్పు చెప్పాననే బాధ ఒకటి. ధర్మయుద్ధమన్న నమ్మకం ఏమవుతుందనే భయం మరొకటి.

అధికారం ప్రశ్న కూడా మనకు అనుకూలం కాదు. డిసెంబరు 7న సర్వసభ్యసభలో కాల్పులు విరమించి సేనలను వెనక్కు తీసుకోవాలన్న తీర్మానానికి అనుకూలంగా 104 దేశాలు, వ్యతిరేకంగా 11 దేశాలు ఓటు చేశాయి. భద్రతామండలిలో సోవియట్ వీటో లేకపోతే మన దారి మరింత కష్టమయ్యేది. ప్రపంచసభలో మనం మైనారిటీ.

అయినా ఆ యుద్ధానికి న్యాయం ఉందని ఇప్పటికీ ఎందుకంటున్నాను? ఆగిన చోటు చూసి. డిసెంబరు 16న ఢాకాలో సుమారు 93,000 మంది లొంగిపోయారు. ఆ రోజే మన ప్రభుత్వం పశ్చిమ సరిహద్దులో ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించి మరునాటినుంచి అమలు చేసింది. గెలుపు ఊపులో పడమటికి నడిచిపోలేదు. 1972 మార్చిలోనే మన సైన్యం బంగ్లాదేశ్‌నుంచి తిరిగివచ్చింది. బందీలు 1974 నాటికి స్వదేశం చేరారు. పాకిస్తాన్ చీలిపోవడం మనకు లాభం కాదా అంటే లాభమే. పాండవులకూ రాజ్యం మీద ఆశ లేకపోలేదు. ఉద్దేశంలో స్వార్థపు కలుపు లేని యుద్ధాన్ని నేను చరిత్రలో చూడలేదు. ఆ స్వార్థానికి హద్దు వేసుకున్నారా లేదా అన్నదే చూడవలసింది. అమెరికా రచయిత మైకేల్ వాల్జర్ 1977లో న్యాయాన్యాయ యుద్ధాలపై రాసిన గ్రంథంలో, బాధితుల రక్షణకోసం చేసిన జోక్యానికి 1971ని మంచి ఉదాహరణగా చూపాడు.

అయితే ఇదంతా చెప్పి ఒక మాట దాచకూడదు. ఆ సంవత్సరం బంగ్లాదేశ్‌లోని ఉర్దూ మాట్లాడే బిహారీలు యుద్ధానికి ముందూ, విజయం తర్వాతా ప్రతీకార హత్యలకు గురయ్యారు. మిగిలినవాళ్ళు దశాబ్దాలపాటు ఏ దేశపు పౌరసత్వమూ లేకుండా శిబిరాల్లో మగ్గారు. 2008లోగాని అక్కడి ఉన్నత న్యాయస్థానం వారి పౌరసత్వాన్ని స్పష్టం చేయలేదు. న్యాయమైన యుద్ధం కూడా అందరికీ న్యాయం చేయదు.

ఇప్పుడు ఆ కుర్రవాడి ప్రశ్నలోని రెండవ భాగానికి వస్తాను. 2002 నవంబరు 8న భద్రతామండలి 1441వ తీర్మానం చేసింది. ఇరాక్ తన ఆయుధాల లెక్క అప్పగించాలి, తనిఖీదారులను రానివ్వాలి. తనిఖీలు ఆ నెలాఖరునే మొదలయ్యాయి. 2003 ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగమంత్రి కోలిన్ పవెల్ మండలిలో చిత్రాలూ ధ్వనిముద్రికలూ చూపించి ఆయుధాలున్నాయని వాదించారు. మార్చి 7న తనిఖీ బృందం అధిపతి హాన్స్ బ్లిక్స్, పని పూర్తికావడానికి ఏళ్ళు అక్కరలేదు, వారాలు చాలవు, నెలలు కావాలన్నారు. ఆ నెలలు ఇవ్వలేదు. మార్చి 17న బుష్ గడువు పెట్టారు: సద్దాం, ఆయన కొడుకులు నలభై ఎనిమిది గంటల్లో దేశం విడిచిపోవాలి. మార్చి 20న యుద్ధం మొదలైంది.

షరతు ఎలా మారిందో గమనించండి. మొదట ఆయుధాలు అప్పగించమన్నారు. తనిఖీకి తలుపులు తెరిచి వెదుకుతుండగా, రాజే వెళ్ళిపోవాలన్నారు. అయిదూళ్ళు అడిగి, ఎదుటివాడు ఒకటి రెండు ఊళ్ళ లెక్క చూస్తుండగానే హస్తిన ఖాళీ చేయమన్నట్టు. నా గుర్తు ప్రకారం అది రాయబారం కాదు. సద్దాం మంచివాడని కాదు, తన ప్రజలను విషవాయువుతో చంపినవాడు. కాని ఆ హలబ్జా హత్యాకాండ జరిగింది 1988లో, ఆనాడు ఎవరూ యుద్ధానికి రాలేదు.

తర్వాత ఏం తేలిందో తెలిసిందే. 2004లో అమెరికావారి సొంత పరిశోధక బృందమే ఆ ఆయుధ నిల్వలు లేవని నివేదించింది. పవెల్ తన ప్రసంగం తన చరిత్రమీద మచ్చ అని 2005లో ఒప్పుకున్నారు. బ్రిటన్‌లో ఏడేళ్ళు విచారించి 2016 జులైలో వెలువడిన చిల్కాట్ నివేదిక, శాంతిమార్గాలన్నీ ముగియకముందే యుద్ధానికి దిగారని చెప్పింది. ఈలోగా లక్షకు పైగా ఇరాకీ పౌరులు హింసకు బలయ్యారు.

ఆ రోజుల్లో మన పార్లమెంటు చేసిన ఒక పని భాషాపండితుడిగా నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. 2003 ఏప్రిల్‌లో లోక్‌సభ ఇరాక్ యుద్ధంపై తీర్మానం చేసింది. 'ఖండించడం' కావాలని ప్రతిపక్షం, అంత ఘాటు వద్దని ప్రభుత్వం. చివరికి హిందీలో 'నింద' అన్న మాటతో రాజీ కుదిరింది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి దానికి ఖండనకంటె మెత్తని మాట వాడారు. ఒక్క సంస్కృతపదం ఇద్దరినీ ఒడ్డున పడేసింది. నవ్వు వస్తుంది, కాని ఆ తర్వాతి నిర్ణయం నవ్వులాట కాదు. ఇరాక్‌కు సైన్యం పంపమని అమెరికా కోరితే, సమితి స్పష్టమైన ఆదేశం లేనిదే పంపలేమని జులై 14న మన ప్రభుత్వం చెప్పింది. వెళ్ళకూడని యుద్ధానికి వెళ్ళకపోవడం కూడా ధర్మమే. దానికి స్మారకస్తంభాలు కట్టరు గనుక మనం మరిచిపోతాం.

అలాగని వెళ్ళకపోవడమే ఎల్లప్పుడూ పుణ్యం కాదు. 1994లో రువాండాలో వంద రోజుల్లో సుమారు ఎనిమిది లక్షల మందిని నరికి చంపారు. అక్కడున్న శాంతిసేనను పెంచవలసింది పోయి ఏప్రిల్‌లో 270 మందికి కుదించాలని భద్రతామండలి తీర్మానించింది. ద్రౌపదీ వస్త్రాపహరణ సభలో తలవంచుకున్న పెద్దలకు ఏ పాపమో, ఆ ఓటు వేసిన చేతులకూ అదే. ఆ సిగ్గుతోనే 2005లో ప్రపంచనాయకులు, ప్రజలను రక్షించే బాధ్యత ప్రతి రాజ్యానిదీ, అది చేయనప్పుడు లోకానిదీ అని ఒప్పుకున్నారు. కాని అదే మాట ముసుగు కూడా అవుతుంది. 2011లో లిబియా పౌరుల రక్షణకని అనుమతి తీసుకుని వెళ్ళిన యుద్ధం ప్రభుత్వాన్ని కూల్చేదాకా ఆగలేదు, తర్వాత ఆ దేశం ముక్కలైంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పైకి వెళుతూ అక్కడ జాతిహత్య జరుగుతున్నదని చెప్పింది. అందుకు ఆధారమేదీ తన ముందు లేదని మార్చి 16న అంతర్జాతీయ న్యాయస్థానం అంటూ సైనిక చర్య ఆపమని ఆదేశించింది. యుద్ధం ఆగలేదు.

పాతకాలానికీ ఇప్పటికీ ఒక పెద్ద తేడా ఉంది. కురుక్షేత్రాన్ని నిర్ణయించినవాళ్ళు కురుక్షేత్రంలో నిలబడ్డారు. సుయోధనుడి తొడ విరిగింది, పాండవుల కొడుకులు పోయారు. ఈనాడు నిర్ణయించే గది ఒకచోట, బాంబు పడే ఇల్లు మరొకచోట. అందుచేతనే నిర్ణయానికి ముందు వేసుకోవలసిన ప్రశ్నలు మరింత కఠినంగా ఉండాలి, వాటిని అడిగే హక్కు వెనుక బెంచీ కుర్రవాడికి కూడా ఉండాలి.

రిటైరయ్యాక ఒక సాయంత్రం విశాఖ బీచిలో ఆ విజయస్మారకం దగ్గర కూర్చున్నాను. పిల్లలు ఐస్‌క్రీములు తింటున్నారు, ఫొటోలు దిగుతున్నారు. ఎదుటి సముద్రం అడుగున ఘాజీ ఉంది, అందులో వచ్చిన మనుషులూ ఉన్నారు. వాళ్ళకూ తల్లులుండి ఉంటారు, కరాచీలోనో మరెక్కడో కిటికీలకు నల్లకాగితాలు అంటించుకుని. మనం గెలిచినందుకు నాకు ఈనాటికీ సంతోషమే. వాళ్ళను తలుచుకుంటే ఆ సంతోషం కొంచెం బరువెక్కుతుంది. అలా బరువెక్కడం మంచిదనే నా నమ్మకం. యుద్ధానంతరం ధర్మరాజు రాజ్యం వద్దని ఏడ్చినందుకే ఆయన ధర్మరాజు.

నాయనా, నువ్వు ఎక్కడున్నావో తెలియదు. మీ నాన్నగారు ఆ ఏడాది క్షేమంగా తిరిగి వచ్చారని మాత్రం విన్నాను. నీ ప్రశ్నకు సమాధానం ఇది. కృష్ణుడిది నాటకం కాదు, ఎందుకంటే సుయోధనుడు సరేనంటే ఆయన సంతోషంగా ఇంటికి వెళ్ళేవాడు. 2003లో జరిగినది నాటకమే, ఎందుకంటే సరేననడానికి ఎదుటివాడికి చోటు మిగల్చలేదు. 1971లో మనం చేసినది నూటికి నూరుపాళ్ళు శుద్ధం కాదు, నేను తరగతిలో చెప్పినంత తెల్లగా అసలే లేదు, అయినా న్యాయంవైపే మొగ్గింది. ఇక ముందు ఎవరు యుద్ధమన్నా, మన వాళ్ళన్నా సరే, ఎదుటివాడు ఏం చేస్తే ఇది ఆగుతుందని మొదట అడుగు. ఆ మాట సూటిగా చెప్పలేనివాణ్ణి నమ్మకు.

ఇది పరీక్షలో రాదన్నాను. తప్పు. అసలు పరీక్ష ఇదే.